గేజీ రీడింగు

పాలసీ కాగితాలు ఇరవై రెండు పేజీలు.
మట్టపర్తి శేషు టీ తాగుతూ
మంచి మాటలన్నీ మొదటి పేజీలోంచే చదివాడు.
తక్కినవన్నీ చీమల బారులా ఉన్న అక్షరాలు,
నా కళ్ళజోడుకి అందలేదు.

"గవర్నమెంటు కార్డుని నమ్ముకుంటే ఎలాగండీ బాబూ,
మొన్న రాజమండ్రిలో మీ యెర్రయ్య గారిని
కౌంటరు దగ్గరే తిప్పి పంపేశారట కదా?"

నిజమే, పంపేశారు.
బకాయిలు రాలేదని, కార్డు పక్కన పెట్టి
డబ్బు కట్టమన్నారు.
యెర్రయ్య పాడిగేదెని అమ్ముకున్నాడు.
అదే ఏడు, అదే రకం కార్డు మీద
నా కంటికి శుక్లం తీశారు,
రూపాయి అడగలేదు.
ఇదీ నిజమే.
ఏ నిజాన్ని పట్టుకుని సంతకం పెట్టను?

ముప్పై నాలుగేళ్ళు
లొల్ల లాకుల దగ్గర లస్కరు పని నాది.
రెండు తలుపులూ ఒక్కసారి తెరవకూడదు,
మాకు నేర్పిన మొదటి పాఠం అది.
పడవ లోపలికొచ్చాక
నీళ్ళు సమానమయ్యేదాకా ఆగాలి.
అందుకే "వెయిటింగ్ పీరియడ్" అని శేషు గొణిగితే
నాకు వెంటనే అర్థమైంది.
ఉన్న జబ్బుకి మూడేళ్ళు ఆగాలట.
పడవలో కొబ్బరికాయలుంటే ఆగుతాయి.
రొయ్యలుంటే?

ఇద్దరికీ కలిపి ఏడాదికి డెబ్బై రెండు వేలు.
మూడు నెలల పింఛను.
నూకరత్నం బియ్యం చెరుగుతూనే లెక్క కట్టింది.
"మీ ఒక్కరికీ కట్టండి.
నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

సరే, ఫారం నింపుదామని కూర్చున్నాం.
షుగరు? ఉంది, నాకు.
బీపీ? ఇద్దరికీ.
ఆయాసం, ఛాతీలో నొప్పి?
లేదని టిక్కు పెట్టబోతుంటే
చేట చప్పుడు ఆగింది.
"దాళవా కోతలప్పటి నుంచీ వస్తోంది నాకు"
అంది,
ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినట్టు.

ఇప్పుడు కార్తీకం.
ఏడు నెలలు!
పక్క మంచం మీద మనిషి
ఎడమవైపు ఒత్తిగిలడం మానేసిందని
ఓ కంపెనీ ఫారం అడిగితే గానీ
తెలియలేదు నాకు.

శేషు చెడ్డవాడు కాదు.
గొంతు తగ్గించి
"లేదని రాసేయండి, ఎవరు చూస్తారు" అన్నాడు.

ఎవరు చూస్తారు.
ఎనభైయారు వరదలో నన్ను
ఏటిగట్టు మీద గేజీ డ్యూటీకి వేశారు.
ఓ రాత్రి పైఆఫీసరు
జీపు దిగకుండానే అదే మాటన్నాడు.
అరడుగు తగ్గించి రాశాను.
నల్ల సిరా, నా చేతిరాత, నా సంతకం.
నీళ్ళు రిజిస్టరు చదవవు.
తెల్లారేసరికి లంకలో పాకల్లేవు.
గుంజకి కట్టేసిన దూడ మాత్రం
పలుపు తెగక
అక్కడే ఉంది.

ఉంది, అని రాశాను.
ఏడు నెలల నుంచి, అని కూడా.
శేషు పెన్నుకి మూత పెట్టి
"ఇంక అమ్మగారికి ఇవ్వరండి,
ఇచ్చినా ఆ రేటు మనం కట్టలేం" అని
కాగితాలు వదిలేసి వెళ్ళాడు.
కందిపప్పు డబ్బా కింద ఉన్నాయవి.
నా ఒక్కడికీ కట్టుకుని
దర్జాగా బతకొచ్చట!

రేపు ఆరింటి బస్సుకి అమలాపురం.
కార్డు తీసుకుంటారో, తిప్పి పంపుతారో.
పంపితే యెర్రయ్యలా నేనూ
ఏదో ఒకటి అమ్ముతాను.
పరీక్షలకని మూడు వేలు
లోపలి జేబులో మడిచి పెట్టాను.
దానికింత ఖర్చెందుకని సణుగుతూనే
పెరుగన్నం క్యారేజీ కడిగి బోర్లించింది.

రాత్రి లైటు తీయలేదు.
ఆవిడ ఊపిరి ఎక్కుతోంది, దిగుతోంది.
పుస్తకం లేదు, సంతకం లేదు,
గంటకోసారి లేచి చూస్తున్నాను.

మూడోసారి,
కళ్ళు తెరవకుండానే అంది,
"పడుకోండి లస్కరు గారూ,
గట్టేం తెగదు."