మ్యాపులో నీలిభాగం

పదకొండో ఆగస్టు.
అదే అద్దె ఇల్లు, అదే తుప్పు తాళం,
ఉప్పుగాలికి ఉబ్బి మూసుకోని అదే కిటికీ.
నాన్న బల్లమీద మ్యాపు పరిచాడు.
చూసిన చోటల్లా ఎర్రపెన్సిలు చుక్క:
దీపస్తంభం, పీతల సంత, ఆర్టిచోక్ పొలాలు.
బ్రిటనీ తీరానికి తట్టు పోసినట్టుంది.
"ఇంకేం మిగల్లేదు" అన్నాడు,
మిగలకపోవడం తన గొప్పే అయినట్టు.

పక్కింటి సోయిజిక్ అవ్వ
ఉల్లిపాయల్ని జడలల్లుతూ
తలెత్తకుండానే అంది:
"రేపు పెద్ద పాటు. బూట్లు తొడుక్కోండి."

వెళ్లాం.
ఎవరో పిలిస్తే లేచిపోయినట్టు
సముద్రం లేదు.
రోజూ పడవలు తేలేచోట
నాచుపట్టిన రాతిగోడ, దానికో గుమ్మం,
గుమ్మం అవతల ఇంకా నేల.
తమ్ముడు ఎర్వాన్ అందులోంచి
అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు.
ఐదోసారి అమ్మ.

నాన్న మ్యాపు తీశాడు.
మేం నిలబడ్డచోట ఉత్త నీలిరంగు.
పెన్సిలు ఎత్తాడు, దించాడు,
"ఎంతసేపుంటుందీ నేల?" అన్నాడు.

చీలమండలకు నీళ్లు తగిలేదాకా
ఎవరమూ జవాబు చెప్పలేదు.
ఎర్వాన్ బూటొకటి
ఇంకా అక్కడే ఉంది.