రాను అనే బటన్

సోమవారం పదిన్నరకి
మాదాపూర్‌లో, టిఫిన్ సెంటర్ పైన నాలుగో అంతస్తులో
కౌండిన్య తెల్లబోర్డు మీద రాస్తాడు:
ఈ నెల బాగుచేయాల్సినవి.
కిందనుంచి పెసరట్టు మీద మాడిన ఉల్లిపాయ వాసన
మూసిన కిటికీల్లోంచి కూడా వచ్చి కూర్చుంటుంది.
దాన్నెవరూ పిలవలేదు.

మాది పిలుపుల వెబ్‌సైటు.
పుట్టినరోజులు, గృహప్రవేశాలు, రిటైర్మెంట్ దావత్‌లు;
మొన్నొకాయన కుక్కపిల్లకి బారసాల కూడా పెట్టాడు.
లింకు పంపుతాం, జవాబు తెస్తాం, ప్లేట్లు లెక్కగడతాం.
లెక్కే తప్పుతుంది.

కర్మన్‌ఘాట్ సుగుణాకర్ గారి పాప మొదటి పుట్టినరోజుకి
'వస్తాను' నొక్కినవాళ్లు నూట ఎనభై ఆరు.
'రాను' నొక్కినవాళ్లు నలుగురు.
లేచిన ప్లేట్లు మూడొందల నలభై.
ఆ నలుగురిలో ముగ్గురు ముందు బంతిలోనే ఉన్నారట.
"గా రాను అన్న బటన్ తీసేయుర్రి సార్ ముందుగాల.
మంచి ముచ్చటకు పిలుస్తుంటె
రాను అని మొకం మీద ఎవడన్న ఒత్తుతడా?
ఒత్తినోళ్లు సిగ్గయి నాతోని మాట్లాడుతలేరు.
బిర్యానీ తిన్నరు, గని మాట్లాడుతలేరు."

టికెట్ పదకొండొందల నలభై ఏడు.
ప్రాధాన్యం: మధ్యస్థం.

ఫర్హీన్ ఇంకోటి రాయించింది:
టైముకి రెండు గళ్లు కావాలి,
కార్డులో వేసేది ఒకటి, జనం వచ్చేది ఒకటి.
మా ఇంట్లో 'నికల్ గయే' అంటే
ఇంకా గీజర్ వేయలేదని అర్థం, అంది.
అల్వాల్ నుంచి ఎవరో
'ఎంతమంది?' అన్న గడిలో
'అందరం' అని కొట్టారు.
ఎర్రగా వచ్చింది: చెల్లని సంఖ్య.
మళ్లీ కొట్టారు. అందరం.
ఏడుసార్లు.

నాన్న ఛత్తాబజార్‌లో ముప్పై ఏళ్లు ట్రెడిల్ తొక్కాడు.
అన్నం కలిపినా గోళ్లసందుల్లో బంగారు పొడి మెరిసేది.
ఆ శుభలేఖల్లో
మూలలకి పసుపు పూసే చోటుంది,
బంధుమిత్రుల అభినందనలకి చోటుంది,
సకుటుంబ సపరివార సమేతంగా అని
ఒక్క లైన్లో ఊరంతా పట్టే చోటుంది.
జవాబుకి మాత్రం చోటు లేదు.
పిలవడంతో కాగితం పని అయిపోయేది,
తర్వాతదంతా ఇంకో శేరు బియ్యం పని.
మా రిమైండర్లు చూసి ఒక్కటే అడిగాడు:
"పిలిచినోణ్ణి మళ్లా గిల్లుడెందుకురా?"

ఉప్పుగూడ ఆండాళమ్మ పేరు పక్కన
బూడిదరంగు చుక్క. జవాబు లేదు.
సుగుణాకర్ గారి లిస్టులోదే, నూట తొంభయ్యో పేరు.
మూడుసార్లు గిల్లాం.
నిజానికామె మొదటిరోజే పలికింది,
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
మా సిస్టమ్‌కి చెవుల్లేవు.

మధ్యాహ్నం డబ్బా విప్పకుండా విన్నాను.
"ఎవరు బిడ్డా, రంగుల కాయితం నువ్వే పంపినవా?
ఆగు, నల్లా వచ్చింది..."
బిందెలో నీళ్లు, బిందె నిండే చప్పుడు,
"...నువ్వు పుట్టినప్పుడు పేట్లబుర్జు దవాఖానల
మీ అమ్మ తాన రెండు రాత్రులు నేనే పండుకున్న.
గిప్పుడు నీకు బిడ్డ! నల్లపూసలు కట్టుర్రి, దిష్టి తియ్యుర్రి.
మోకాలు ఒప్పుకుంటె వస్త.
రాకున్నా వచ్చిన లెక్కనే రాసుకో."

బోర్డు దగ్గర వినిపించాను.
ఎవరూ నవ్వలేదు.
కౌండిన్య మార్కర్ మూత పెట్టి, తీసి,
"ఇంతకీ ప్లేటు వేయాలా, వద్దా?" అన్నాడు.
అతనిది తప్పని నేననను.
ప్లేటుకి మూడొందల ఎనభై.

శుక్రవారం రాత్రి కొత్తది విడుదల చేశాం.
'రాను' పోయింది, 'చూస్తాను' వచ్చింది;
మొదటి గంటలోనే అందరూ దాన్నే నొక్కారు.
'ఎంతమంది' గడిలో అక్షరాలు పడుతున్నాయి.
మాటలు వినే పని వచ్చే నెలకి వాయిదా.

అందరూ వెళ్లాక
వెనకదారిన డేటాలోకి దిగి
ఆండాళమ్మ చుక్కని నా చేత్తో పచ్చ చేశాను.
ప్లేట్లు: ఒకటి.
ఫంక్షనై అప్పటికి పన్నెండు రోజులు.