నాలుగుంబావు అంగుళాలు

అవాలిలో అప్పుడు గడ్డి లేకుండె.
ఇసుకలో చమురు కలిపి తొక్కితే
గానుగపిండి రంగు తేలిన నేల,
దాని మీదనే దొరల ఆట.
ఒక్కొక్కరు ఆడి పోయినంక
గోనెపట్ట చుట్టిన కర్ర ఈడ్చి
అడుగుల గుర్తులు చెరపడం నా పని.
జీతం నలభై దినార్లు.
పేరు ముత్తెం. ఫోర్‌మన్ పిలిస్తే మూతి.
అదీ ఒక పేరే అనుకున్న.

ఈసా పన్నెండేళ్ల పోరడు,
కంపెనీ బస్సు డ్రైవర్ కొడుకు.
పోయిన బంతులు ఏరి మళ్లా దొరలకే అమ్మేటోడు,
మూడింటికి ఒక పెప్సీ.
ఎండకు ఎవరూ రాని పగటిపూట
షెడ్డు నీడల బద్ది తవ్వి
గోటీలాట నేర్పిన,
కోరుట్లల మేం ఆడినట్టే, నడిమివేలు విల్లులెక్క వంచి.
రెండోనాడే వాడు బోర్లా పండుకున్నడు,
చెంప ఇసుకకు ఆనించి, ఒక కన్ను మూసి.
"ఏం చూస్తున్నవ్‌రా, గోటీ ఇక్కడుంటే?"
"నేలను" అన్నడు.

ఆ పండుకునుడు తర్వాత లోకమంత టీవీల చూసింది.
మాటకారులు దానికేదో పేరు పెట్టిండ్రు.
నాకు నవ్వొచ్చింది,
చెంపకు నూనె మరక లేదు.

రిఫాలో గడ్డి వేసినంక నన్ను అక్కడికి మార్చిండ్రు.
పొద్దుగాల మూడున్నరకు
నెత్తిన లైటు కట్టుకొని కొత్త గుంత కోస్త.
నాలుగుంబావు అంగుళాల అడ్డం.
"ఏ దేశంల అయినా ఇంతే" అన్నడు నాయర్,
"షేకు ఆడినా ఇంతే, నువ్వు ఆడినా ఇంతే."
నేను ఎన్నడూ ఆడలేదు.
కోసిన మట్టిగడ్డను నిన్నటి గుంతల పెట్టి
కాలితో అదిమి నీళ్లు చల్లుత.
నాలుగొద్దులైతే అతుకు కనబడది.

ఈసా తిరిగిన ఊర్ల పేర్లకు నాకు నోరు తిరగది.
ఒక యేడు వానల గెలిచిండు,
వానల ఆడుడు ఎక్కడ నేర్చిండో!
ఒక యేడంత నడుము పట్టేసి దవాఖాన.
ఒక యేడు ఆరు కప్పులు, ఆఖరిది ఇక్కడనే, రిఫాల.
ఆ రాత్రి క్యాంపుల క్రికెట్ ఆపించి
ఆ ఆటే మళ్లా పెట్టించిన.
పన్నెండుమంది కూసున్నరు,
"బంతేదే, బంతేదే" అనుకుంటనే తెల్లారింది.
గెలుపు ఒక్కనాడే వస్తది.
పోవుడు మాత్రం మెల్లగ:
మొదలు మూడో స్థానం, వెనక పదిహేను,
వెనక శనివారం నాటికి పట్టీల పేరే ఉండది.

నలభై ఆరో యేట మళ్లొచ్చిండు.
ఎట్లనో ఆదివారం దాకా నిలిచిండు.
పద్దెనిమిదో గుంత, ఎనిమిది అడుగులు.
పండుకున్నడు. లేచిండు. కొట్టిండు.
బంతి అంచు చుట్టూ తిరిగి
అప్పడగ వచ్చినోడు గడప కాడ ఆగినట్టు
బయటనే ఆగింది.

నాకు నిద్ర పట్టలేదు.
నా కత్తి వంగిందా? అంచు గింజంత లేచిందా?
మూడు గంటలకే పోయి
వేళ్లు పెట్టి చుట్టూ తడిమిన. నున్నగనే ఉన్నది.
"గుంత మంచిదే, మూతీ."
వెనక నిలబడ్డడు, బూట్లు లేవు.
గడ్డం తెల్లబడ్డది, నాకంటె ఎక్కువ.
జర్రసేపు ఏం మాట్లాడలేదు.
"నేను గెలిచినప్పటిది ఎక్కడుండె?"

ఎడమకు పదకొండు అడుగులు, కిందికి నాలుగు.
కాలివేలుతో చూపించిన.
అక్కడ గడ్డే ఉన్నది.
వాడు అట్లనే బోర్లా పండుకున్నడు,
ఒక కన్ను మూసి, ఏ బంతీ లేకుండ.

ఆపలేకపోయిన కొంచెంసేపు.
ఆఖరికి అన్న:
"లే ఈసా, మూడున్నరైంది,
నీళ్లు వదుల్తరు."