చెక్కసుత్తి

కుండ కొనేముందు వేలి కణుపుతో కొట్టి చూసినట్టు
చెక్కసుత్తితో మాను చుట్టూ కొట్టుకుంటూ వచ్చాను.
తూర్పున గట్టి మోత.
ఉత్తరాన గట్టి మోత.
పడమర, నడుమెత్తున,
ఖాళీ గాబు మీద చెయ్యి పడినట్టు.
ఆగి, ఇంకోసారి కొట్టి,
సుద్దముక్కతో సున్నా చుట్టాను.

"పుచ్చకాయ పండిందా మేడం?"
జేసీబీ మెట్టు మీంచి ఖాజావలి.

బ్రాడీపేట. అడ్డరోడ్డు మలుపు. నిద్రగన్నేరు.
ఛాతీ ఎత్తున చుట్టుకొలత
పదకొండు అడుగుల నాలుగంగుళాలు.
లెక్క ప్రకారం మొదలు నుంచి నలభై మూడడుగుల దాకా
గునపం దిగకూడదు.
రోడ్డు వెడల్పే ముప్పై.
ఈ మాట చెబితే కాంట్రాక్టరు మనిషి
నన్ను చూడలేదు, ఆకాశం చూశాడు.

చేపల బజారులో కూడా ఇంత బేరం ఆడలేదు నేను.
డ్రైనేజీ కందకం రెండడుగులు అవతలికి జరపండి.
ఒకటిన్నర.
ఈ ఇరవై అడుగులూ మిషను వద్దు, మనుషులే తవ్వాలి.
కూలి మీ ఆఫీసు ఇస్తుందా?
మణికట్టు లావు వేరు ఒక్కటి తెగినా ఒప్పుకోను.
మరి పైపు ఎగిరి దూకాలా?
దూకొద్దు. కిందనుంచి దూరనివ్వండి,
పెళ్లిపందిట్లో పిల్లాడు దూరినట్టు.
నవ్వాడు. అక్కడ ఒప్పుకున్నాడు.

బోర్డులు దింపాం:
స్పోకెన్ ఇంగ్లీషు, ఎంసెట్, టు-లెట్,
మోకాళ్ల నొప్పికి నాటుమందు.
మేకులు అరవై ఏడు.
కొన్ని పీకలేదు.
బెరడు అప్పటికే మింగి, పెదవులు మూసుకుంది.

మిర్చి యార్డు పాత గోతాలు మానుకి చుట్టి
పైన బద్దలు కట్టాం.
సైదమ్మ తుమ్మింది. ఆమె మొగుడు తుమ్మాడు.
కాంట్రాక్టరు మనిషి ఫోనులో ఎవరినో తిడుతూ మధ్యలో తుమ్మాడు.
చెట్టు మాత్రం కదల్లేదు,
గుంటూరుదేగా.

రోడ్డు మీదికి వాలిన కొమ్మకి ఇనప గుంజ నిలబెట్టి
ఇనుముకీ బెరడుకీ మధ్య లారీ టైరు ముక్క పెట్టాం.
ఎత్తకూడదు. నెట్టకూడదు.
ఆనుకుంటే ఒకరున్నారని
కొమ్మకి తెలిస్తే చాలు.

నాలుగడుగుల లోతున సైదమ్మ గునపం పక్కన పడేసింది.
చేత్తో మట్టి తీసింది.
"ఇదిగో, దీని మీద వెయ్యలేనమ్మా" అంది.
ఆమె మోచెయ్యంత వేరు, లోపల తడి,
గాలి సోకి ఉలిక్కిపడినట్టు ఎర్రగా.
నల్లరేగడి అప్పటికే ఎండకి నోరు తెరుస్తోంది.
తడి గోతం కప్పి, మధ్యాహ్నం దాకా
అన్నం క్యారేజీ మూతతో నీళ్లు పోస్తూనే ఉంది.

ఇస్త్రీ బండి పోతురాజు సాయంత్రం దగ్గరికొచ్చాడు.
"ఆ పడమటి గుల్ల… నా బూడిదేనా మేడం?
పాతికేళ్లుగా బొగ్గులు అక్కడే పోస్తున్నా."
అవునంటే అబద్ధం కాదు.
కాదన్నా పూర్తిగా అబద్ధం కాదు.
"అందరివీ కొంచెం కొంచెం" అన్నాను.
మర్నాడు బండి వీధికి అవతల ఉంది,
ఎండలో.

రిపోర్టులో ఆఖరి గడి:
ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుంది?
చెట్టు దెబ్బ తగిలిన రోజున చెప్పదు.
బిల్లు పాసై, కందకం మీద తారు పడి,
ఖాజావలి ఏ మాచర్లలోనో ఇంకో గొయ్యి తవ్వుతుండగా
మూడో ఎండాకాలంలో
కొన కొమ్మన నాలుగాకులు రాల్చి
అప్పుడు చెబుతుంది.
గడి ఖాళీగా వదిలేశాను. ఆఫీసులో తిట్టారు.

నెలకోసారి స్కూటీ ఆపి సుత్తి తీస్తాను.
పోతురాజు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి అడుగుతాడు:
"ఏమంటోంది?"
"ఇంకా ఏమీ అనలేదు."
పొద్దు వాలుతుంది. ఆకులు ఒక్కొక్కటే ముడుచుకుంటాయి.
ఆ వేళప్పుడు ఇక కొట్టను.