పదకొండో బెల్టు దగ్గర

నలభై అడుగుల గోడ.
రెండున్నర మిల్లీమీటర్లకో చుక్క.
లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు,
నేనే పెట్టాను. అరవై లక్షలకి కాస్త తక్కువ.
ఇన్ని చుక్కలు ఎదురుగా పెట్టుకుని
ముగ్గు వేయకుండా ఎలా ఉండను?

టెండరు కాగితంలో ఉన్నది ఇంతే:
ప్రయాణికుల కదలికకు స్పందించే కళ.
కప్పులో నాలుగు కెమెరాలు బిగించి
కింద నడిచే ఒక్కో మనిషికీ ఒక్కో గీత ఇచ్చాను.
మనిషి కదిలితే గీత కదులుతుంది
ఏ చుక్కనీ తొక్కకుండా, పక్కనుంచి ఒరుసుకుంటూ.
హిందూపురంలో మా మేనత్త అనేది:
బయల్దేరిన చోటికి గీత తిరిగి రావాల,
రాకపోతే అది గీకుడే, ముగ్గు కాదు.

ట్రయల్ వేసిన రాత్రి దోహా విమానం దిగింది.
మూడొందల గీతలు.
అన్నీ కుడివైపుకే, గేటుకే, టాక్సీకే.
గోడ నిండా తెగిన దారాలు.
సంచి దొరికినవాడు
బెల్టుకేసి మళ్ళీ ఎందుకు చూస్తాడు?
బోపన్నగారు మాత్రం చాలా డైనమిక్‌గా ఉందన్నారు.

మూడున్నరకి బెల్టు ఆగింది.
దేవనహళ్ళి చలి అద్దాల్లోంచి కూడా తెలుస్తోంది.
చిక్కబళ్ళాపురం బస్సులో సాయంత్రమెప్పుడో వచ్చిన పిళ్ళక్క
జారుతుంది జాగ్రత్త అనే పసుపు బోర్డు నిలబెట్టి,
తుడుపుకర్ర ముంచి, పిండి,
ఎనిమిది వేయడం మొదలుపెట్టింది.
అంకె ఎనిమిదే.
ఎడమకో సున్నా, కుడికో సున్నా,
ఒక అడుగు వెనక్కి, మళ్ళీ ఎనిమిది.
కెమెరా మనిషిని వదిలేసి
కర్ర తలని పట్టుకుంది. బగ్గు.
గోడ మీద గీత
వెళ్ళి, వంగి, తనని తానే దాటి,
మొదలుని వెతుక్కుని అతుక్కుంది.

నేను కుర్చీలోంచి లేచాను.
పిళ్ళక్క తలెత్తింది.
"నేనా అది?"

మర్నాడు మెయిలు.
సిబ్బంది గోడ మీద కనపడకూడదు.
యూనిఫారం రంగును బట్టి తీసేయగలరా?
తీసేయగలను. ఒక్క లైను.
నీలం కనపడితే వదిలెయ్.
మూడు నెలల స్టూడియో అద్దె బాకీ ఉంది, రాశాను.

ఆ రాత్రి ఆమె గోడ ముందు
కర్ర ఆడించింది, చెయ్యి ఊపింది,
రెండడుగులు పక్కకి జరిగి మళ్ళీ ఊపింది.
"ఏం పాపా, నిన్న నా ఎనకనే వస్తా ఉండె.
ఈ పొద్దు యాల రాలే?"
చెడిపోయిందక్కా, అన్నాను.
ఆ రోజు నేను రాసిన రెండో లైను అది.
"చెడిపోతే బాగు చెయ్యి, దానికేముండాది,"
అంటూ తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

కెమెరా ఆమెని చూడకూడదన్నారు, సరే.
చూసేసినదాన్ని ఏం చేయాలో చెప్పలేదు.
మొదటి రాత్రి నలభై ఐదు నిమిషాలూ
డ్రైవులో అలాగే ఉన్నాయి.
వాటిని అన్నిటికంటే అడుగున పరిచాను,
బియ్యప్పిండి తడిసినంత లేత తెలుపులో.
గేటు దగ్గర తెగిపోయే గీతలకు చెప్పాను:
దగ్గర్లో ఏ మెలిక ఉంటే దానికి ముడిపడండి,
అది చుట్టి మిమ్మల్ని వెనక్కి తెస్తుంది.

రిబ్బను కత్తిరించారు. ఇత్తడి ఫలకం మీద
మూడు కంపెనీలు, చివర నా పేరు, ఒక అక్షరం తప్పుగా.
"ఆ అడుగున లేతగా ఏంటది?" బోపన్నగారు.
బ్యాక్‌గ్రౌండ్, అన్నాను.
అందులో అబద్ధమేమీ లేదు.

మూడున్నరకి పిళ్ళక్క వచ్చింది.
నడుం మీద చెయ్యి వేసుకుని
ఆ చివర నుంచి ఈ చివరకి చదివింది గోడని.
నేను ఏదో చెప్పబోతుంటే
"ఒక చుక్క వెలగలే," అని పైకి చూపించింది.
పది నిమిషాలు వెతికాను.
ఎడమ వైపు, కప్పుకి జానెడు కింద,
నిజమే, ఒకటి చచ్చిపోయింది.
మాడ్యూలు మార్చాలి, గురువారం దాకా మనిషి రాడు.

"పోనీలే, గీత దాన్నీ చుట్టే పోయింది,"
అని బకెట్టు తోసుకుంటూ
పన్నెండో బెల్టుకి వెళ్ళిపోయింది.