ఖాళీ గది కొలత

పొద్దుగాల అన్నిటికంటె ముందు కొలిచేది
ఏమీ లేకపోవుడును.

మడికొండ షెడ్ల ఎనక మా ఇనుప గది.
తలుపు అంచు పొడుగూతా రాగి రేకు వేళ్లు.
ఒక్కటి వంగినా బయటి లోకం లోపలికి కారుతది:
కాజీపేట తీగల మీద రైలింజను రాల్చే నిప్పురవ్వ,
ఎఫ్ఎమ్‌ల ఎవరో చదివే పత్తి ధర,
టవర్ల గుసగుస.
స్పిరిటు గుడ్డతోని ఒక్కో వేలూ తుడిచి
పిడి తిప్పి బిగిస్త.
గోడల నిండా నల్లటి ఫోము ముళ్లు,
ఏ మాటనూ తిరిగి పంపవు.
తెర మీద సన్నటి గడ్డి లెక్క ఒక గీత.
సాలు. గది ఊకున్నది.

సాంబరాజు సోలార్ పంపు డబ్బాను
మోపెడ్ ఎనక ట్యూబుతో కట్టుకొచ్చిండు.
ఎడమ చెవికి మిషన్.
"ఇది గులుగుతది బిడ్డా" అన్నడు,
"దగ్గరికి వోతె సాలు, జుయ్యిమంటది.
మా ఆమె నీ చెవే ఖరాబంటది.
పనోళ్లు అటు తిరిగి నవ్వుతరు."
నేనూ ఆనించి విన్న. ఏం లేదు.
నా రెండు చెవులూ మంచియే మరి.

డబ్బాను తిరుగుడు బల్ల మీద పెట్టి
మూడు మీటర్ల దూరంల యాంటెన్నా నిలబెట్టి
తలుపేసి, ఇవతల తెర ముందు కూసున్నం.
ముప్పై మెగాహెర్ట్జ్ దాటిందో లేదో
గడ్డిలకెల్లి తాటిచెట్టు లేచింది,
ఎర్రగీతను చీల్చుకొని
పన్నెండు డెసిబెల్స్ పైకి.

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకున్నడు.
"అదేనా?"
"అదే."
"ఏడాది సంది అదే" అనుకుంట
తెర మీది చెట్టును మొదలు నుంచి కొసదాకా
వేలితోని నిమిరిండు.

పగటీలి దాకా ఎతికినం.
ఫెర్రైటు రింగులు తొడిగినం, తీగలు మెలేసినం,
చెట్టు రెండు మట్టలు రాల్చి ఊకున్నది.
ఆఖరుకు దొరికింది ఎర్తు బోల్టు కింద:
ఆయనే ముచ్చటపడి ఏయించిన నీలం పెయింటు,
ఇనుముకు ఇనుము తాకకుంట.
మోపెడ్ తాళంచెవితోనే గీకిండు,
రూపాయి బిళ్లంత జాగ తళతళమన్నది.

మళ్ల తలుపు, మళ్ల పిడి.
గడ్డి. ఉత్త గడ్డే.

డబ్బా నడుస్తుండంగనే ఆయన్ని లోపలికి తీస్కపోయిన.
పచ్చ బుగ్గ ఎలుగుతనే ఉన్నది.
వంగి, ఎడమ చెవి మూతకు ఆనించి
చానసేపు అట్లనే ఉన్నడు.
లేచి, మిషన్ తీసి గోటితో కొట్టి చూసి
మళ్ల పెట్టుకొని
నా దిక్కు తిరిగి అడిగిండు:
"కరెంటు వోయిందా?"