గడి లేని జమ

మా ధర్మనిధి సమావేశం
భోజనాల బల్ల మీదే జరుగుతుంది.
ఉప్పుగిన్నె పక్కకి జరిపి
దరఖాస్తుల దొంతర పెడతాం.
మహారాణిపేట మేడ మీదికి
సాయంత్రం గాలి మెట్లెక్కి వస్తుంది.
కాగితాలు ఎగరకుండా
తాతగారి ఐసు ఫ్యాక్టరీ నాటి
ఇత్తడి తూకంరాళ్లు.

పెదనాన్న అధ్యక్షుడు. ఇందుమతి అత్త కోశాధికారి.
తమ్ముడు హేమసుందర్ ఫోన్‌లోంచి చెయ్యెత్తుతాడు.
నేను, వచ్చిన ఉత్తరాలు చదివేదాన్ని,
దక్కనివాళ్లకి జవాబు రాసేదాన్ని.
'ఈ ఏడు మా నిధుల పరిమితి దృష్ట్యా' అన్న వాక్యం
నిద్రలో లేపినా తప్పుల్లేకుండా టైపు చేస్తాను.

మార్చి నెల.
ఆడిటర్ పట్నాయక్ గారు గంటకోసారి గుర్తుచేస్తారు:
ఆదాయంలో నూటికి ఎనభై అయిదు
ముప్పై ఒకటో తారీఖు దాటకుండా ఖర్చయిపోవాలి.
ఏడాదంతా పిడికిలి బిగించిన ఇల్లు
ఆఖరి వారం
కర్ణుడి వేషం కడుతుంది.

జ్ఞానాపురం బడికి వినికిడి యంత్రాలు,
కంచరపాలెం గ్రంథాలయానికి పైకప్పు,
కేజీహెచ్‌కి డయాలసిస్ కోసం వచ్చేవాళ్లకి ఆటో కిరాయి.
కిరాయి దగ్గర పెదనాన్న ఆగుతాడు.
"అది ఇస్తే ఏం మిగుల్తుందే?
పైకప్పయితే కనిపిస్తుంది."
పైకప్పు గెలుస్తుంది.
వారానికి మూడుసార్లు ఒక మనిషి
వెళ్లి, ఇంటికి తిరిగి రావడం
ఎవరికి కనిపిస్తుంది కనక.

నాన్నమ్మకి దరఖాస్తు ఫారం లేదు.
ఉత్త వలతో ఒడ్డుకొచ్చిన పడవకి
మర్నాటి ఐసు అడక్కుండానే ఎక్కించేది.
లెక్క రాయమని తాతగారు కసిరితే
"కరిగిపోయేదానికి లెక్కేటండీ" అనేదట.
ఆవిడ పేరు మీదే ఈ నిధి.
ఆవిడ ఫోటో కిందే
మా పదకొండు నిబంధనలు.

నిన్న ఒక కవరు వచ్చింది.
పెదజాలరిపేట, ఎండుచేపల ఆడవాళ్ల సంఘం.
కిందటేడు తడికెలకి లక్షా పదివేలు ఇచ్చాం.
లోపల రూళ్ల కాగితం మీద లెక్క,
రబ్బరు బ్యాండు చుట్టిన నోట్లు,
నాలుగు వేల మూడు వందల నలభై.
గరికిన పోలమ్మ చెబుతుంటే ఎవరో బడిపిల్ల రాసింది:

"అమ్మా, తడికెలు ముప్పైరెండు కట్టించినాం.
మేస్త్రీ మావోడే, కూలి తగ్గించినాడు.
మిగిలింది పంపుతన్నాం.
మీరు ఫోటో అడిగినారు కదా,
మీ పేరున్న ఫ్లెక్సీకి ఆరొందల యాభై అయింది,
అదీ ఇందులోనే రాసినాం.
ఫ్లెక్సీ గట్టిది. వానొస్తే చేపల మీద కప్పుతన్నాం.
బాగుంది."

కాసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.
ఇరవై రెండేళ్ల మా ఖాతాపుస్తకంలో
వెళ్లిన డబ్బుకి ఎన్నో గడులు,
తిరిగొచ్చిన డబ్బుకి ఒక్కటీ లేదు.
పట్నాయక్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు.
"జమ చేస్తే మన లెక్క చెడుతుందండీ.
వెనక్కి పంపెయ్యడం తేలిక."
తమ్ముడు: "వార్షిక నివేదికలో వేద్దాం, బాగా పండుతుంది."
అత్త నోట్లు లెక్కపెట్టింది, రెండుసార్లు, అలవాటు.
వేళ్లు వాసన చూసుకుని
"మన పాత గోదాములా ఉంది" అంది.

పెదనాన్న నెమ్మదిగా అడిగాడు:
"ఆ ఫ్లెక్సీ మీద అమ్మ ఫోటో ఉందా?"
ఉంది. కుడిమూల.
అంటే వాన పడ్డప్పుడల్లా నాన్నమ్మ
కవళ్ల మీద బోర్లా పడుకుంటోందన్నమాట.
ఆయన నవ్వాడో, దగ్గాడో.

అందరూ లేచాక
చెక్కుల గడి పక్కన పెన్సిల్‌తో ఒక గీత గీశాను.
పైన ఏం రాయాలో తోచలేదు.
'వాపసు' అని రాసి, చెరిపి,
'పోలమ్మ' అని రాశాను.

ఆటో కిరాయి దరఖాస్తు
ఇంకా ఐదుకిలోల రాయి కిందే ఉంది.
మార్చి ఇంకా మూడు రోజులుంది.